మునిమాపు వెలుగులో గుర్రం
ఉష్ణమండలంలో సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోవడం వల్ల మునిమాపు వెలుగు ఎక్కువసేపు నిలవదు కనుక, ఆ కొద్దిసేపట్లోనే తీరం వెంట పరుగెత్తే గుర్రాన్ని చిత్రంలో నిలిపే ఛాయాగ్రాహకుని నేర్పు ఎంతగానో మెచ్చదగినది. విశాఖపట్నం వంటి తూర్పు తీరాల్లో పొద్దు నేలవైపు వాలుతుంది కాబట్టి, గుర్రాన్ని నీడబొమ్మగా, అనగా వెనుక వెలుగుపై నల్లని ఆకృతిగా చూపదలచినవారు అలల అంచున నిలిచి ఊరివైపు గురిపెట్టాలి. షట్టరు, అంటే కాంతిని లోనికి విడిచే తెర, సెకనులో 500వ వంతు మాత్రమే తెరుచుకుంటే డెక్కలు చిమ్మిన నీటిబొట్లు సైతం స్పష్టంగా నిలుస్తాయి గాని, చీకటి ముసిరేకొద్దీ అంత వేగానికి వెలుగు చాలదు; అప్పుడు 30వ వంతుకు తగ్గించి, గుర్రంతో పాటే కెమెరాను తిప్పుతూ నేపథ్యాన్ని చారలుగా కరిగించడం ఈ పనిలోకెల్లా కష్టమైనది, అందమైనది కూడా. పరుగులో నాలుగు డెక్కలూ నేలను విడిచే క్షణాన కాళ్లు పొట్ట కిందికి ముడుచుకొని ఉంటాయని 1878లో ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ తీసిన వరుస చిత్రాలు చూపాయి. కంటికి అందని ఆ క్షణాన్ని నేర్పరులు డెక్కల లయను బట్టి పసిగట్టి మీట నొక్కుతారు.