పాతకట్టడముల పరిరక్షణము : పురపాలకుల పూనికపై కొన్ని మాటలు

బోడినాయకనూరని చెప్పినంతనే వెలియూరివారికి ఏలకులు జ్ఞప్తికి వచ్చును. ఏలకుల వేలమునకు పేరుపడిన తావులు రెండు. కేరళమున పుట్టడి యొకటి, ఇచట మన యూరొకటి. ఆపిమ్మట బోడిమెట్టు కనుమదారియు, మున్నారు తేయాకు తోటలును తలపునకు వచ్చును. రైలుమీద మక్కువ గలవారు 1928లో వచ్చిన మీటరుగేజి దారిని, అది 2010 సంవత్సరాంతమున మూతబడుటను, 2023 జూనులో బ్రాడుగేజిగా మరల ఊరు చేరుటను చెప్పుకొందురు. ఊరిపేరులోనే యున్న నాయకుని మాత్రము ఎవ్వరును తలపరు. మధుర నాయకరాజుల నాటి 72 పాళెములలో ఇది యొకటి. ఏలినవారు తెలుగు మాటాడు రాజకంబళపు వంశమువారు. వారి నగరు నేటికిని ఊరిలో నిలిచియున్నది. దాని గోడలపై రామాయణ చిత్రములు కలవు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు శాసనముతో జమీ పోయినది, నగరు మిగిలినది. జమీ లేని నగరును ఎవరు కాపాడవలెను? ఆ నగరు చుట్టును తలయెత్తిన పాత యిండ్లను, అరుగులను, మంటపములను, ఛత్రములను ఎవరు కాపాడవలెను?

ఈ ప్రశ్నకు సభలలో వినవచ్చు జవాబు ఒక్కటే. ప్రభుత్వము పూనుకొనవలెనని అందురు. మేము ముప్పదియేండ్లకు మించి కాగితముల నడుమ కాలము గడిపిన గుమాస్తాలము గనుక, ప్రభుత్వము పూనుకొనుట యనగా ఏ బల్లమీద ఏ కాగితము కదలుటయో మొదట విచారింతుము. చిన్న పట్టణములో పురపాలక సంఘమునకు ఇంటిని గూర్చి తెలిసిన కాగితములు మూడే. ఇంటిపన్ను చిట్టా మొదటిది. అందు ఇంటి వైశాల్యమునకు, వీధికి, వాడుకకు గడులు కలవు. కంబమునందలి చెక్కడమునకు గడి లేదు. కట్టుబడి అనుమతి రెండవది. అది క్రొత్తగా కట్టువానికి గాని పాతది నిలుపుకొనువానికి కాదు. ఇక మూడవది శిథిలభవనమునకు ఇచ్చు నోటీసు. గోడ వంగి బాటసారికి అపాయమని తోచినయెడల బాగుచేయుము, లేదా పడగొట్టుము అని యజమానిని ఆజ్ఞాపించు అధికారము 1920 నాటి జిల్లా పురపాలక శాసనమునందును ఉండెను, దాని స్థానమున 2023లో అమలునకు వచ్చిన 1998 నాటి నగర స్థానిక సంస్థల శాసనమునందును కలదు. ఇట్టి నోటీసు అందుకొన్న గృహస్థుడు ఏమిచేయును? బాగుచేయుటకు సున్నపుపని యెరిగిన మేస్త్రీ దొరకడు, దొరికినను ధనము చాలదు. పడగొట్టుటకు ఒక్కదినము చాలును. కావున పురపాలక సంఘము చేతనున్న మూడు కాగితములును తెలిసియో తెలియకయో కూల్చువాని పక్షముననే నిలిచియున్నవి.

పై శాసనముల మాట వేరు. 1958 నాటి కేంద్ర శాసనమును, 1966 నాటి తమిళనాడు శాసనమును పట్టికలో చేర్చిన స్మారకములనే కాపాడును. పట్టికకెక్కని ఇంటికి అవి అక్కరకు రావు. ఈ కొరత తీర్చుటకు తమిళనాడు శాసనసభ 2012లో వారసత్వ సంఘమును ఏర్పరచు శాసనము చేసెను. అది అమలులోనికి వచ్చినది 2024లో. నడుమ పండ్రెండేండ్లు! పండ్రెండేండ్లలో ఎన్ని వానకాలములు పోయినవో, ఎన్ని దూలములు చెదలు తిన్నవో లెక్కించుట మావంటివారి తరము కాదు. 74వ రాజ్యాంగ సవరణము 1992లోనే పురపాలక సంఘముల విధులలో సంస్కృతిని, సౌందర్యమును పెంపొందించుటయు ఒకటిగా వ్రాసినది. విధి వ్రాసిరి, దానికి నిధి వ్రాయరైరి.

ఇట్లని పురపాలకులు ఏమియు చేయరని మేము చెప్పుట లేదు. చేయుచున్నారు, వచ్చిన చిక్కెల్ల చేయు తీరులోనే యున్నది. పాతకట్టడమును బాగుచేయుట యనగా సిమెంటు పూత, మెరుగు రంగు, నేలకు పలకలు అని తలచువారే ఎక్కువ. మన పెద్దలు కట్టిన గోడ ఇటుకయు సున్నమును. ఆ సున్నములో కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపి నూరెడివారు. సున్నపుగోడ తేమను పీల్చి మరల వెలికి విడుచును. ఊపిరి తీయునని మేస్త్రీలు చెప్పుమాట ఇదియే. దానిపై సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి, ఉప్పు పేరుకొని, నాలుగైదేండ్లకు పూతయు పొరలుగా రాలును, దాని వెనుకనున్న ఇటుకయు పొడియగును. అట్టి గోడమీద చిత్తరువున్నయెడల చెప్పవలసిన పని లేదు. టెండరు విధానమున తక్కువ వెల చెప్పినవానికే పని దక్కును గదా. పదిదినములు సున్నము నానవేయుదు ననువాడు తక్కువ వెల ఎట్లు చెప్పగలడు? పాతకట్టడపు పనికి వేరు ధరలపట్టికయు, వేరు మేస్త్రీల చిట్టాయు ఏర్పడనంతవరకు పురపాలకుల పూనిక వారి చేతనే కట్టడమును చెరపించును.

మధుర తిరుమలనాయకుని మహలును చూచినవారికి మరియొక సంగతి తెలియవచ్చును. 1636లో కట్టిన ఆ నగరులో నేడు నిలిచినది నాల్గవ పాలేనని అందురు. మనుమడు చొక్కనాథుడు తిరుచిరాపల్లికి మకాము మార్చుచు అందలి సొబగులను కొనిపోయెనని ప్రతీతి. మిగిలినదానిని 19వ శతాబ్దమున మదరాసు గవర్నరైన నేపియర్ ప్రభువు మరమ్మతు చేయించెను. ఆ మరమ్మతు నిలుచుటకు కారణము ధనమొక్కటే కాదు. 1970 వరకు అందు జిల్లా న్యాయస్థానము నడిచినది. ప్రతిదినము తలుపు తీయువాడు, ఊడ్చువాడు, కప్పు కారినచో అర్జీ వ్రాయువాడు ఉండిరి. కట్టడమునకు తాళముకంటె మనుష్య సంచారమే మేలని మా తలంపు. రాణి మంగమ్మ తముక్కము నగరు 1959లో గాంధీ స్మారక ప్రదర్శనశాలగా మారి నిలిచియుండుటయు ఇట్టిదే.

అయిన వాడుక యనగా ఎట్టి వాడుకయైనను కాదు. 2018 ఫిబ్రవరి 2వ తేదీ రాత్రి మీనాక్షి కోవెలలోని వీరవసంతరాయ మంటపము అంగళ్లనుండి పుట్టిన నిప్పునకు ఆహుతి యయ్యెను. తిరుమలనాయకుడు కట్టించిన పుదుమంటపమున తరతరములుగా కుట్టుపనివారును, పుస్తకముల వారును, పాత్రలవారును అంగళ్లు నడిపిరి. ఇటీవలి కాలమున వారిని కార్పొరేషనువారు కున్నత్తూరు ఛత్రమునకు తరలించిరి. పేరు ఛత్రమే, కట్టడము మాత్రము క్రొత్త అంగళ్ల సముదాయము. మంటపమునకు ఊపిరి వచ్చినదని సంతసింతుము గాని, కుట్టుమిషనుల చప్పుడు లేని పుదుమంటపము మధురవారికి పుదుమంటపమువలె తోచునా యను సందేహము మమ్ము విడువదు.

చిన్న పట్టణములకు మేలుబంతిగా చూపదగినది మా యెరుకలో పుదుచ్చేరిలోని వైశ్యుల వీధి. 2002 మొదలు రెండేండ్లు ఐరోపా సమాఖ్య సాయముతో, ఇంటాక్ సంస్థవారి పూనికతో, అచటి తమిళుల యిండ్ల ముంగిళ్లను వరుసగా బాగుచేసిరి. ఇందలి కిటుకు ధనము పంచిన తీరున నున్నది. వ్యయములో కొంత సంస్థవారు పెట్టుకొనిరి, కొంత యజమాని పెట్టుకొనెను. తన చేతి డబ్బు పడిన అరుగును ఎవ్వడును పగులగొట్టుకొనడు. 2008లో ఆ పనికి యునెస్కో పురస్కారము వచ్చెను. అదే ఊరిలో పురపాలకుల సొంత భవనము, మేరీ యని ఫ్రెంచివారు పిలిచినది, 2014 నవంబరులో వానకు కూలెను. అదే ఆకృతిలో మరల కట్టి 2021లో తెరచిరి. క్రొత్తది చూడ చక్కగానే యున్నది. అయినను అద్దములోని ముఖమును చూచి మనిషి యనరాదు గదా! గృహస్థుని యిల్లు నిలిచినది, పాలకుల యిల్లు పడినది. మొదటిదానికి దిక్కుగా ఒక మనిషి యుండెను. రెండవది పదిమంది సొత్తగుటచే ఎవ్వరి సొత్తును కాకపోయెను.

మన తెలుగు సీమ తీరును చెప్పుకొనక తప్పదు. హైదరాబాదున 1981లోనే పాతకట్టడముల నియమము వెలసినది. 2015లో దానిని రద్దుచేసిరి. 2019లో ఎర్రమంజిల్ భవనమును పడగొట్టవలెనను ప్రభుత్వ నిర్ణయమును హైకోర్టు కొట్టివేయవలసి వచ్చినది. నియమము పుట్టుటతో పని తీరదు.

ఇక మనవారిని ప్రత్యేకముగా తాకు విషయము. తిరువణ్ణామలై దాపున చెంగమను ఊరిలో వేణుగోపాల పార్థసారథి కోవెల కలదు. అందలి నాయకరాజుల కాలపు రామాయణ చిత్రములకు క్రింద తెలుగున వ్రాతలున్నవి. కథయు వాల్మీకమును గాని కంబరామాయణమును గాని అనుసరింపలేదు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణపు ద్విపదను అనుసరించినది. మధుర కోవెలలో ఊంజల మంటపమునందలి రాణి మంగమ్మ కాలపు చిత్రములకు కూడ తమిళముతో పాటు తెలుగు వ్రాతలున్నవి. ఈ వ్రాతలు చదువగలవారు తమిళనాట ఎందరున్నారు? మన పిల్లలు ఇంట తెలుగు మాటాడుదురు, బడిలో తమిళము చదువుదురు, కొలువున ఇంగ్లీషు వ్రాయుదురు. తెలుగు అక్షరము వారికి గోడమీది తీగవలె కనబడును. మరమ్మతుకు వచ్చిన పనివానికి అంతకంటె ఎక్కువ కనబడునా? రంగు రాలినచోట తీగయనుకొని తీగను దిద్దును. ఆ దినముతో ఆ వాక్యము పోయినట్లే, అది పోయినదని చెప్పువాడును ఉండడు. లక్ష్మణుని కడకు నిద్రాదేవి వచ్చుట, సులోచన కథ వంటివి వాల్మీకమున లేవు, మన ద్విపదలో కలవు. వాల్మీకమే చేతబట్టి చూచు నిపుణుడు ఇట్టి ఘట్టమునకు వేరొక పేరు పెట్టి పలక తగిలించిన యెడల, తెలుగు ఏలికలు తెలుగు కథను వ్రాయించుకొన్నారను సాక్ష్యము చెడును. గోడ నిలిచియుండగనే కథ పోవును.

మనవారి నడత గూర్చి కూడ ఒక మాట. అరుగును పడగొట్టి వాహనమునకు చోటు చేసినవారు, టేకు కంబములను, చెక్కడపు ద్వారబంధములను కారైకుడి పాతసామానుల అంగళ్లవారికి తూకమునకు అమ్మినవారు మన కుటుంబములలో తక్కువగా లేరు. వారిని నిందించుటకు మాకు మనసొప్పదు. అన్నదమ్ములు ఆరుగురు పంచుకొనవలసిన యింట ఒక్కడు కంబమును కాపాడుమన్న వినువారెవ్వరు? ఇందుకే ఇంటిపన్నులో సడలింపు ఉండవలెనందుము. పాత ముంగిలిని నిలుపుకొన్న గృహస్థునకు పన్నులో కొంత తగ్గించుట పురపాలక సంఘమునకు పెద్ద నష్టము కాదు. వానికి అన్నదమ్ములయెదుట చెప్పుకొనుటకు ఒక కారణమైనను దొరకును. శిథిలభవన నోటీసు పంపుటకు ముందు సున్నపుపని యెరిగిన ఇంజనీరొకడు ఆ గోడను చూచి సంతకము చేయవలెనను నియమము కూడ కావలెను. ఈ రెండింటికి నిధి అక్కరలేదు, తీర్మానము చాలును.

మన సంఘము చేయగల పని మరియొకటి కలదు. నగరు సొంతదారుల సమ్మతి గైకొని, తెలుగు చదువ నేర్చిన పెద్దలిద్దరు రంగనాథ రామాయణమును చేతబూని ఆ గోడలవెంట నడువవలెను. ప్రతి ఘట్టమునకు పేరు, కొలత, రంగు రాలిన చోటు, వ్రాత కనబడినచో అక్షరమునకు అక్షరము ఒక నోటుపుస్తకమున ఎక్కించి, ఫోటోలు తీయించి, ఒక ప్రతి పురపాలక సంఘమునకు, ఒకటి పురావస్తు శాఖకు, ఒకటి మన సంఘపు బీరువాకు ఇయ్యవలెను. పరంజా కట్టుటకు మునుపే ఈ పని ముగియవలెను.