కత్తి ఎవరి వాటా?

1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’లో ఒక ముసలి యోధుడు ల్యూక్ చేతికి వెలుగు కత్తి ఇచ్చి, అది అతని తండ్రిదని చెబుతాడు. తండ్రి కత్తి కొడుక్కి. మన జానపద సినిమాలు చూస్తూ పెరిగినవాళ్ళకి ఇందులో కొత్తేముంది? నిజానికి ఆ కత్తి పిడి పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్‌ది. పాతసామాను గొట్టం కథలో వంశపు ఆస్తి అయిపోయింది.

ల్యూక్‌కి కవల సోదరి లేయా ఉందని 1983లో తెలుస్తుంది. ఆమెకీ ఒక కత్తి ఉండేదని చూపడానికి 2019 దాకా పట్టింది. అదైనా ఎందుకు? ఆ దారి చివర కొడుకు చావు కనిపించి ఆమె కత్తి వదిలేసిందని చెప్పడానికి! 2015లో ఆ తండ్రి కత్తి రే అనే అమ్మాయికి దక్కింది. 2017లో ఆమె అనామకుల కూతురన్నారు, 2019కల్లా చక్రవర్తి మనవరాలిని చేశారు. మళ్ళీ వంశమే.

కానీ ఆ సినిమా చివర రే తన చేతికర్రతోనే సొంత కత్తి చేసుకుంటుంది. పసుపు వెలుగుది. నాకు మిగిలింది ఆ ఒక్క క్షణమే.

ముదినేపల్లిలో మా అన్నయ్య పిల్లలకి వెలిగే కత్తులు చేయడానికి కూర్చున్నప్పుడు పసుపు కాగితం అందుకే తీసుకెళ్ళాను. పారదర్శకంగా ఉండే గొట్టం, లోపల చుట్టిన బటర్ పేపరు, పిడిలో ఎల్.ఇ.డి. టార్చి. కొసకి వెలుగు అందకపోతే అక్కడ వెండికాగితం బిళ్ళ అంటించాం.

‘‘ఆడపిల్లకి కత్తేమిటే, లక్కపిడతలు తెచ్చివ్వక!’’ అంది అమ్మ.

‘‘అత్తా, నాది తమ్ముడి కత్తికంటే పొడుగుండాలి,’’ అంది మేనకోడలు. పసుపు వద్దంది. ఎరుపు కావాలట.