తొమ్మిది ప్రశ్నల సొగసు

2015, 1970, 1996, 1960, 2100, 1900, 2000, 2400, 1800.

పైపైన చూస్తే పొత్తు కుదరని అంకెలు. నాకు మాత్రం వీటిలో ఒక్కటి కూడా తీసేయడానికి వీల్లేని రచన కనిపిస్తుంది. కాట్రినా ఓవెన్ 2013లో మొదలుపెట్టిన ప్రోగ్రామింగ్ అభ్యాసాల వెబ్‌సైటు ఎక్సర్సిజమ్‌లో, పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం పెట్టిన అభ్యాసాల్లో లీపు సంవత్సరం ఒకటి. ఇచ్చిన ఏడాది లీపు అవునో కాదో చెప్పే చిన్న ఫంక్షన్ రాయాలి. అభ్యాసంతో పాటు ఒక టెస్ట్ ఫైలు వస్తుంది. కానూరు హాస్టల్ గదిలోనో నూజివీడు ట్రిపుల్ ఐటీలోనో ఒక అమ్మాయి టెర్మినల్ తెరిచి, టెస్టులు నడిపే పైటెస్ట్ ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కిందనుకోండి. ఈ తొమ్మిది సంవత్సరాలూ ఆమె కోడ్‌ను నిలదీస్తాయి. నెగ్గినదానికి చుక్క, ఓడినదానికి ఎఫ్. రెప్పపాటులో తీర్పు.

బడిలో నేర్చుకున్నది గుర్తుంచుకుని, నాలుగుతో భాగిస్తే శేషం సున్నా వస్తే లీపు అని రాస్తుంది. ఆరు చుక్కలు, మూడు ఎఫ్‌లు. 1800, 1900, 2100 ఒప్పుకోలేదు. క్రీ.పూ. 45లో జూలియస్ సీజర్ అమలు చేసిన క్యాలెండరు సరిగ్గా ఇక్కడే ఆగింది. వందతో భాగమయ్యేవి లీపు కావని చేర్చి, పైబాణం మీట నొక్కి, మళ్లీ ఎంటర్. ఇప్పుడు రెండే ఎఫ్‌లు, 2000, 2400. నాలుగు వందల మినహాయింపు కూడా రాస్తే తొమ్మిది చుక్కలూ పచ్చగా వెలుగుతాయి. ఈ రెండు మినహాయింపులూ కలిస్తేనే పోప్ గ్రెగరీ 1582లో చేసిన సవరణ. పదహారు శతాబ్దాల తప్పొప్పులు కొన్ని నిమిషాల్లో ఒక విద్యార్థిని వేళ్ల కింద నడిచాయి!

ఇక అసలు సొగసు చూడండి. 1996 ఉండగా 1960 ఎందుకు? వంద అని రాయాల్సినచోట ఐదు రాసిన కోడ్‌ను 1996 పట్టలేదు, మిగతా ఏడూ పట్టలేవు. 1960 ఒక్కటే పట్టుకుంటుంది. నాలుగుకు బదులు రెండు రాస్తే దొరికేది 1970 దగ్గర. వందకు బదులు మూడు వందలు రాస్తే 2100, 1800 రెండూ మోసపోతాయి, ఎందుకంటే రెండూ మూడు వందలతో భాగమవుతాయి. 1900 మోసపోదు. నాలుగు వందలకు బదులు ఐదు వందలు రాస్తే 2000 చక్కగా చుక్క పెట్టేస్తుంది, 2400 ఎఫ్ పెడుతుంది. రెండు వందలు రాస్తే పట్టుకునేది 1800. ఒక్కో సంవత్సరం ఒక్కో తప్పుదారి మొగదల కాపు కాస్తోంది. ఈ పేర్పులో ఉన్న పొదుపుకు నేను దణ్ణం పెడతాను.

ఈ రుచి మన కృష్ణా డెల్టాకు కొత్త కాదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా అవధానాలు చేసిన కాలం, వారిలో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి బందరు హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పిన కాలం చూసిన నేల మనది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఏం చేస్తాడు? అవధాని మనసు ఏ మాటవైపు మొగ్గుతోందో ముందే పసిగట్టి, ఆ అక్షరాన్ని వద్దంటాడు. అలా చేయాలంటే అవధానిలాగా ఆలోచించగలగాలి. ఈ టెస్టులు రాసినవారు కూడా నేర్చుకునేవాళ్ల మనసులో కూర్చుని, వాళ్లు ఎక్కడెక్కడ జారగలరో చూసి రాశారు. ల్యాబు రికార్డులో ఒక ఇన్‌పుట్, ఒక అవుట్‌పుట్ అంటించి సంతకం తీసుకునే చోట ఈ ఆనందం దొరకదు.

1900ను తేలిగ్గా తీసుకోకండి. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ దాన్ని లీపు అనుకుంది. దానితో పొంతన కోసం ఎక్సెల్ కూడా ఆ తప్పును ఉంచేసుకుంది. బెజవాడ ఆఫీసులో కంప్యూటర్ తెరిచి ఎక్సెల్ గడిలో 60 కొట్టి తేదీగా మార్చండి, ఎన్నడూ లేని 1900 ఫిబ్రవరి 29 ప్రత్యక్షమవుతుంది.

మన పిల్లలకు కృష్ణా పుష్కరాల మీద ఇలాంటి అభ్యాసం ఒకటి రాసిపెట్టాలని నాకు గట్టి కోరిక. 1992, 2004, 2016, 2028 ఇస్తే పన్నెండుతో లెక్కగట్టిన కోడ్ హాయిగా నెగ్గుతుంది. కానీ పుష్కరాన్ని తెచ్చే గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి పట్టేది సుమారు 11.86 ఏళ్లే. ఆ కొద్దిపాటి తేడా పేరుకుని ఎప్పుడో ఒకసారి పదకొండేళ్లకే పండగ తెస్తుంది. గురుడి నడకనే అనుసరించే హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2021లోనే వచ్చింది. పంచాంగకర్త దగ్గర కూర్చుని, కృష్ణకు అలాంటి సంవత్సరం ఎప్పుడో లెక్క కట్టించి, అయిదో టెస్టుగా దాన్నే పెడతాను.