పాతబస్తీ ఇంటికి ఒక ఈల

ఆపదలో చిక్కుకున్న మనిషికి మొట్టమొదట కావలసింది తానెక్కడున్నాడో బయటివారికి తెలియజేసే సాధనం. గొంతు ఆ పనిని కొంతసేపే చేయగలదు. ఎంత గట్టివాడైనా ఆగకుండా అరిస్తే త్వరలోనే గొంతు బొంగురుపోతుంది, దుమ్ములోనూ పొగలోనూ అసలు పెగలదు. ఈల మామూలు శ్వాసతోనే మోగుతూ, అరుపు కంటే ఎక్కువ దూరం వినిపిస్తుంది కనుకనే పర్వతారోహకుల సంచుల్లోనూ విమానాల్లోని లైఫ్ జాకెట్లపైనా దానికి చోటు దక్కింది. అయితే అది కొండలకూ అడవులకూ మాత్రమే చెందిన వస్తువన్న భావన బలపడడం వల్ల, హైదరాబాద్ పాతబస్తీ వంటి ఇరుకైన నివాస ప్రాంతానికి దాని అవసరం ఎంతో ఎవరూ ఆలోచించలేదు.

ఆ అవసరాన్ని ఈ నగర చరిత్రే చెబుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు వేలమంది కొట్టుకుపోగా, అఫ్జల్‌గంజ్‌లో నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టును ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిసి నది భయం తగ్గినా చెరువుల భయం మిగిలింది. 2020 అక్టోబరులో పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి కాలనీలకు కాలనీలే మునిగాయి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత ఇంట్లో మంటలు చెలరేగి 17 మంది మరణించారు. ఈల ఉంటే ఈ ఘటనల ఫలితం మారేదని ఎవరూ అనలేరు. కానీ కరెంటు పోయి, ఫోను తడిసి, మేడ మీద మనిషి ఒంటరిగా మిగిలే గడియ ఈ బస్తీకి కొత్త కాదన్నది మాత్రం వీటి నుంచి స్పష్టమవుతుంది.

ఈలలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది లోపల చిన్న గోళీ ఉన్నది. బర్మింగ్‌హామ్‌కు చెందిన జోసెఫ్ హడ్సన్ 1884లో రూపొందించిన నమూనాతో ఇది ప్రపంచమంతా వ్యాపించింది. ఊదిన గాలి పదునైన అంచుకు తగిలి గదిలో కంపిస్తే శబ్దం పుడుతుంది, గోళీ గిరగిరా తిరుగుతూ ఆ శబ్దాన్ని వణికిస్తుంది. బెండుతో చేసిన గోళీ తడిస్తే ఉబ్బుతుంది, మట్టి చేరితే కదలదు, మరీ గట్టిగా ఊదితే ఇరుక్కుంటుంది. ఆట మధ్యలో ఇలాగే ఈల మూగబోవడంతో విసిగిన కెనడా బాస్కెట్‌బాల్ రిఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ తయారు చేయించిన గోళీ లేని ఈల 1987లో ‘ఫాక్స్ 40’ పేరుతో బజారుకొచ్చింది. ఇందులో కొద్దికొద్ది తేడాతో పలికే మూడు గదుల స్వరాలు కలిసి, కదిలే భాగమేదీ లేకుండానే, అదే వణుకును పుట్టిస్తాయి. వరద భయమున్న ఇంటికి ఈ రెండో రకమే తగినది.

ధ్వని తీవ్రతను కొలిచే ప్రమాణం డెసిబెల్. మంచి ఈల 110 డెసిబెల్స్ దాటి మోగుతుంది, అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ అందులో ఆరు డెసిబెల్స్ తగ్గుతాయి. తీవ్రతతో పాటు స్వరం ఎత్తు కూడా ముఖ్యం. మనిషి చెవి సెకనుకు రెండు వేల నుంచి ఐదు వేల కంపనాలున్న శబ్దాన్ని అన్నిటికంటే ముందు పసిగడుతుంది, ఈల స్వరం సరిగ్గా ఆ పరిధిలోనే ఉంటుంది. పెళ్లి ఊరేగింపు (బరాత్)లో మోగే మర్ఫా డప్పుల దరువు, ఆటో ఇంజిన్ల రొద ప్రధానంగా అంతకంటే చాలా దిగువ స్వరాలు కనుక, వాటి నడుమ కూడా ఈల విడిగా తెలుస్తుంది. కానీ ఎత్తైన స్వరాలు మందపాటి గోడలను దాటలేవు. రాతితో, డంగుసున్నంతో కట్టిన పాత దేవిడీ భవంతుల లోపలి గదిలో ఊదిన ఈల గల్లీ వరకు చేరకపోవచ్చు. అందుకే కిటికీ వద్దనో, డాబా మీదనో, తలుపు సందు దగ్గరనో ఊదాలి.

ఎంపికలో అసలు పరీక్ష ఇంట్లోని బలవంతుడితో కాక ఊపిరి తక్కువైనవారితో చేయాలి: ఆయాసమున్న తాతయ్య, ఆరేళ్ల పిల్ల మెల్లగా ఊదినా మోగకపోతే ఆ ఈల ఆ ఇంటికి పనికిరాదు. గ్లాసెడు నీళ్లలో ముంచి తీసి వెంటనే ఊదాలి. ఒక్క విదిలింపుతో నీరు పోయి స్వరం పూర్తిగా పలకాలి. చేతులు ఖాళీ లేనప్పుడు పళ్లతో పట్టుకోవడానికి వీలుగా మూతి వద్ద మెత్తని పట్టు ఉండాలి, మసక చీకట్లో దొరికేలా రంగు ముదురు నారింజో పసుపో కావాలి, తాడు గట్టిగా లాగితే విడిపోయే కొక్కెంతో ఉండాలి, లేకపోతే మెడకు చిక్కుకునే ప్రమాదం ఉంది. తాళంచెవుల గుత్తికి అలంకారంగా వచ్చే సన్నని లోహపు గొట్టాలు చూడముచ్చటగా ఉన్నా చాలావాటి నోరు పెద్దది కాదు.

ఎంత మంచి ఈలైనా వినేవారికి అర్థం తెలియకపోతే వృథా. వంటింట్లో కుక్కర్ కూత వినపడినప్పుడు ఎవరూ తలెత్తి చూడనట్టే, ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈలకూ రాత్రి గస్తీ ఈలకూ అలవాటుపడిన గల్లీ ఒంటరి కూతను పట్టించుకోదు. పర్వతారోహకుల అంతర్జాతీయ సంకేతం ప్రకారం నిమిషంలో ఆరుసార్లు సమాన విరామంతో ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ మొదలుపెట్టాలి; విన్నవారు నిమిషానికి మూడు కూతలతో బదులివ్వాలి. ఆ మౌన నిమిషం వృథా కాదు, ఊదేవారు బదులు వినేందుకూ ఊపిరి తీసుకునేందుకూ అదే అవకాశమిస్తుంది. అయితే ఈల 112కు చేసే ఫోన్‌కు తోడే తప్ప ప్రత్యామ్నాయం కాదు. పొగ నిండిన చోట దీర్ఘంగా ఊపిరి పీల్చి ఊదడం కంటే దారి ఉంటే బయటపడడమే మొదటి కర్తవ్యం.

ఏటా మృగశిర కార్తెకు ఇంటి పైకప్పు చూసుకునే కుటుంబాలు అదే రోజున ఈలను కడిగి, ఊది చూసి, మంచం తల వద్ద తగిలించడం మంచిది. ఈల కొనడం ఒక్క ఇంటి పని, దాని అర్థం నేర్చుకోవడం గల్లీ అంతటి పని. ఆరు కూతలంటే ఆపద అని ఇరుగుపొరుగులు వానలకు ముందే ఒప్పందానికి వచ్చినప్పుడే ఆ చిన్న వస్తువు ప్రాణరక్షక సాధనం అవుతుంది.