చిక్కు తడి మీదే తీయాలి

ఈ వారం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఉంగరాల జుట్టును ఆరాక దువ్వకండి. తడిగా ఉన్నప్పుడే, వేళ్లు జారేలా ఏదో ఒక జిగురు పట్టించి, అప్పుడు దువ్వండి. తలంటి పోసి, తువ్వాలుతో గట్టిగా రుద్ది, ఎండలో ఆరబెట్టి, ఆ తర్వాత సన్నపళ్ల దువ్వెన అందుకోవడం మన ఇళ్లలో అలవాటు. నిలువు జుట్టుకు అది చెల్లుతుంది. రింగుల జుట్టు పిల్లకు మాత్రం ప్రతి ఆదివారం కళ్లనీళ్లే.

మాడు మీద ఊరే జిడ్డు నిలువు వెంట్రుక వెంట కొసదాకా సులువుగా దిగుతుంది. ఉంగరాల వెంట్రుకలో మలుపు మలుపుకీ ఆగిపోతుంది. అందుకే మాడు జిడ్డుగా ఉన్నా కొసలు గరగరలాడుతుంటాయి. వెంట్రుక పైపొర ఇంటికప్పు మీది పెంకుల్లా ఒకదాని మీదొకటి పరుచుకుని ఉంటుంది. వంపు దగ్గర ఆ పెంకుల అంచులు కాస్త లేస్తాయి. ఎండిన వెంట్రుకలు రాసుకుంటే ఆ అంచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, చిక్కు పడేది అక్కడే. నీళ్లొక్కటే పోసి దువ్వినా లాభం లేదు. తడిసిన వెంట్రుక సాగుతుంది, ఎక్కువ లాగితే తెగుతుంది. మధ్యలో జారుడు ఉండాలి.

ఈ సంగతి మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. కుంకుడు రసం మురికినీ జిడ్డునీ రెంటినీ లాగేస్తుంది, ఒక్కటే పోస్తే జుట్టు బిరుసెక్కుతుంది. అందుకని కాయలు కొట్టి గింజలు తీసి వేణ్నీళ్లలో నానేసినప్పుడే గుప్పెడు మందారాకులు కూడా వేసి పిసికేవారు. మందారం, బెండ, గోంగూర, పత్తి ఒకే కుటుంబం మొక్కలు. బెండకాయ కోసేటప్పుడు వేళ్లకు అంటే ఆ జిగురే మందారాకులోనూ ఉంది. కడిగేదీ, మెత్తబరిచేదీ ఒకే గిన్నెలో ఉండేవి. షాంపూ ప్యాకెట్లు వచ్చాక కుంకుడుకాయ వెనక్కి తగ్గింది. దాంతోపాటు మందారాకూ పోయింది. దాని స్థానంలో రావలసిన కండిషనర్ చాలా ఇళ్లకు రాలేదు. అది సోకు కింద లెక్క. ఉంగరాల జుట్టుకు సగం పనే మిగిలింది, రెండో సగం మరిచిపోయాం. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

అంగట్లో దొరికే కండిషనర్ చేసే పనీ అలాంటిదే, దారి వేరు. తడి వెంట్రుక మీద రుణావేశం ఉంటుంది. కండిషనర్‌లోని పదార్థాలకు ధనావేశం. దెబ్బతిన్న చోట రుణావేశం ఎక్కువ కాబట్టి అవి అక్కడే ఎక్కువగా అంటుకుంటాయి, నీళ్లు పోసినా పూర్తిగా వదలవు. మందారమా, సీసానా అన్న పంతం నాకు లేదు. చేతికి ఏది అందితే అది వాడండి.

మా మేనకోడలి తల నా చేతికి చిక్కినప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. జుట్టును నాలుగు పాయలు చేస్తాను. నీళ్లు ఇంకా కారుతుండగానే ఒక్కో పాయకూ కండిషనర్ మాడుకు తగలకుండా మధ్య నుంచి కొసలదాకా పట్టిస్తాను. ముందు వేళ్లతో, తర్వాత పెద్ద పళ్ల దువ్వెనతో, కొసల దగ్గర మొదలుపెట్టి పైకి వస్తాను. పైనుంచి దువ్వితే చిక్కులన్నీ కిందికి చేరి ముడి పడతాయి. "అత్తా, అయిపోయిందా అప్పుడే?" అంటుంది. కడిగేశాక తువ్వాలు వద్దు, మెత్తబడిన పాత నూలు పంచెతో గుప్పిట్లో నొక్కి నీళ్లు తీస్తే చాలు. ఆరేదాకా మళ్లీ చెయ్యి పెట్టకూడదు. తడిసినప్పుడు వెంట్రుకలో విడిపోయిన బంధాలు ఆరేటప్పుడు ఉన్న ఆకారంలోనే తిరిగి కుదురుకుంటాయి మరి.

కడిగాక పట్టించి వదిలేయడానికి అవిసె గింజల జిగురు నాకిష్టం. చెంచాడు గింజలు గ్లాసు నీళ్లలో మరిగించి, గుడ్డు తెల్లసొనంత చిక్కబడగానే వేడిమీదే గుడ్డలో వడకట్టాలి. చల్లారితే గుడ్డలోంచి దిగదు. ఫ్రిజ్‌లో పెట్టుకుని వారంలోపు వాడేయాలి. మెంతి ముద్ద మాత్రం రింగుల్లో ఇరుక్కుని ఓ పట్టాన వదలదు. మెంతులు నానబెట్టిన నీళ్లు చాలు.

నూనె తేమ కాదు, వెంట్రుకలోకి నీళ్లు వచ్చిపోయే వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. అందుకే తలస్నానానికి ముందు దాని చోటు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలంటులో ప్రోటీన్ పోకుండా కాపాడుతుందనీ, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదనీ 2003లో రెలే, మొహిలే అనే భారతీయ పరిశోధకులు ప్రచురించారు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో సున్నపు ఉప్పులు జుట్టుకు పట్టి గరుకుబారుస్తాయి. చివరి చెంబు మటుకైనా మంచినీళ్లు పోయండి.

రింగులు పోయేలా జుట్టు సాఫు చేయిస్తే పీడా పోతుంది కదా అంటారు కొందరు. ఆ చికిత్సల్లో కొన్ని, ఇస్త్రీ వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. పదేళ్ల పిల్లకు అది చేయించమని నేను ఎవరికీ చెప్పను.

బడికి రెండు జడలు తప్పవుగా అని తల్లులు అడుగుతారు. తప్పకపోతే వేయండి. పొద్దున కాసిని నీళ్లు చిలకరించి, కాస్త జిగురు రాసి, వదులుగా అల్లండి. నుదుటి దగ్గర బిగించి లాగితే అక్కడ జుట్టు పలచబడుతుంది. సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే జడలు విప్పేయండి.