ఎగిరిపోయే నూనె

మా మావయ్య అరెకరంలో సిట్రొనెల్లా వేసి నాలుగేళ్లయింది. కిందటి కోతకు నేనూ అక్కడే ఉన్నాను. పొద్దున్నే కోసిన గడ్డిని మధ్యాహ్నం దాకా నీడన వాడనిచ్చి బట్టీలో కూరారు. కింద నీళ్లు మరిగి, ఆవిరి గడ్డిలోంచి పైకి వెళ్లి, చన్నీళ్ల తొట్టిలో చుట్టలు చుట్టిన గొట్టం గుండా బయటికి రావాలి. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత గొట్టం చివర ఒక బొట్టు, ఇంకో బొట్టు, ఆపైన సన్నటి ధార. స్టీలు డబ్బాలో నీళ్లమీద లేత పసుపు తెర తేలింది. నూనె నీళ్లకన్నా తేలిక, అందుకే పైన నిలుస్తుంది. మూడు గంటలు ఆవిరి పట్టిస్తే క్వింటాలు గడ్డికి దక్కేది కిలో, అటూ ఇటూగా.

చిన్న సీసాలో పోసి నా చేతికిచ్చాడు. మొదట నిమ్మ, దాని వెనకాల గులాబీ, ఇంకా వెనక పచ్చిగడ్డి. మైమరచి పీలుస్తూ నిలబడ్డాను.

"మూత పెట్టెయ్ తల్లీ. వాసనంటే నూనే. నువ్వు పీలుస్తున్నదంతా సీసాలోంచి పోతున్నదే" అన్నాడు.

ఈ నూనె గురించి తర్వాత చదివిందీ, అనుభవం మీద తెలుసుకున్నదీ అంతా ఆ మాటలోనే ఉంది.

చాలామంది సిట్రొనెల్లాను నిమ్మగడ్డి అనుకుంటారు. రెండూ ఒకే జాతి దాయాదులు. నిమ్మగడ్డిని టీలో వేసుకుంటాం. దాని నూనెలో 70–80 శాతం సిట్రాల్. సిట్రొనెల్లా టీకి పనికిరాదు. దాని ఆకు వెడల్పు, కొస వాలిపోయి ఉంటుంది, మొదలు దగ్గర ఎరుపు కలిసిన ఊదా ఛాయ కనిపిస్తుంది. పేరుకూ సరుకుకూ పొంతనలేని సీసా నేనూ ఒకసారి కొన్నాను. మావయ్య మడిలో మొదళ్లు చూశాకే తేడా కంటికి పట్టింది.

సిట్రొనెల్లాలోనూ రెండు రకాలున్నాయి. శ్రీలంక దక్షిణ తీరంలో పెరిగేది 'లేనబటు'. 'మహాపెంగిరి' అనే రెండో రకం జావా పేరుతో లోకమంతా తిరిగింది. మన దేశంలో అస్సాం నుంచి మావయ్య పొలం దాకా వేసేది ఎక్కువగా ఈ జావా రకమే. లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ దీన్లో మెరుగైన వంగడాలు తయారుచేసింది. దాని పరిశోధన కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లోనూ ఉంది. జావా నూనెలో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, సిట్రొనెల్లాల్. మిగతాదాంట్లో ముఖ్యమైనవి జెరానియాల్, సిట్రొనెల్లోల్. సిట్రొనెల్లాల్, సిట్రొనెల్లోల్ పేర్లకు ఒక్క గుణింతమే తేడా గానీ మొదటిది ఆల్డిహైడ్, నిమ్మ ఘాటు దానిది. రెండోది ఆల్కహాల్, జెరానియాల్‌తో కలిసి గులాబీ వాసన ఇచ్చేది. సబ్బులకూ అత్తర్లకూ ఈ నూనె కావలసింది అందుకే.

ఇక దోమల సంగతి. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు, చెమట వాసన, ఒంటి వెచ్చదనం పట్టుకుని దోమ వస్తుంది. సిట్రొనెల్లా ఆవిరి దాని వాసన గ్రహింపును తికమకపెడుతుంది. దోమ చావదు, దారి తప్పుతుంది. ఆవిరి ఉన్నంతసేపే ఆ పని. 2002లో అమెరికాలో దోమల పంజరంలో చేతులు పెట్టించి ఒక్కో మందునూ పరీక్షించారు. సుమారు 24 శాతం డీట్ అనే రసాయనం ఉన్న మందు అయిదు గంటలు కాపాడింది. సిట్రొనెల్లా సరుకులేవీ సగటున 20 నిమిషాలు కూడా నిలవలేదు.

ఈ లెక్క నాకు ముందే తెలిసుంటే బాగుండేది. కిందటి వానాకాలం రోజూ సందెదీపం వేళకు మా పాప కాళ్లకూ చేతులకూ ఈ నూనె రాసి, ఇక భయం లేదనుకున్నాను. ఆగస్టులో డెంగీ వచ్చింది. ఆస్పత్రిలో అయిదు రోజులు ప్లేట్‌లెట్ల అంకె కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. "ఇంట్లో కూలర్ ఉందామ్మా?" అని డాక్టరు గారు అడిగారు. ఆ రాత్రి ఇంటికెళ్లి టార్చిలైటు వేసి చూస్తే, కూలర్ అడుగున మిగిలిన తేట నీళ్లలో లార్వాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. వెలుతురు తగలగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగాయి. డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది. నేనేమో పొద్దుగూకాక రాసేదాన్ని.

అయినా ఆ నూనె మీద నాకు కోపం రాలేదు. అది మోయలేని బరువు దాని మీద పెట్టింది నేను. ఇప్పుడూ వాడుతున్నాను, దాని కొలత ఎరిగి. టేబుల్‌స్పూను కొబ్బరినూనెకు ఆరు చుక్కలు మించను. నేరుగా చర్మానికి రాస్తే మంట, దద్దుర్లు రావచ్చు. అందుకే కలిపినదాన్నయినా ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒక రోజు చూస్తాను. చంటిపిల్లలకు రాయను, వాళ్లకు దోమతెరే రక్ష. నోట్లోకి అసలు పోనివ్వకూడదు. పిల్లులున్న ఇంట్లో వాటికి అందనివ్వకూడదు. ఇల్లు తుడిచే బకెట్‌లో నేరుగా వేస్తే పైనే తేలుతుంది కనుక, ముందు చెంచాడు సబ్బునీళ్లలో కలిపి పోస్తాను. గాలీ వెలుతురూ తగిలితే పాడవుతుంది; ముదురురంగు గాజుసీసా, బిగువు మూత, చల్లటి అలమర.

వీటన్నిటికన్నా ముందు శుక్రవారం. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి డ్రై డే పాటించమంటారు. పాపా నేనూ కలిసి కూలరు ఖాళీ చేసి, పూలకుండీల పళ్లేలు, పెరట్లోని కొబ్బరిచిప్పలు బోర్లిస్తాం. గుడ్లు గోడలకు అంటుకుని ఉంటాయి కాబట్టి తొట్టిని పీచుతో రుద్దుతాం. ఆ పనయ్యాక వరండాలో కూర్చుని నూనె రాసుకుంటాం. సీసా తెరిచి ఉన్నంతసేపూ పాప చేతిలో మూత సిద్ధంగా ఉంటుంది.