రిప్పన్ భవనాన్ని నిలబెట్టిన డంగు సున్నం

చెన్నై సెంట్రల్‌లో రైలు దిగే తెలుగువాళ్లకు ఆ తెల్లటి మేడ కొత్తది కాదు. చుట్టుపక్కల సెంట్రల్ స్టేషను, విక్టోరియా పబ్లిక్ హాలు ఎర్రగా కనిపిస్తుంటే, రిప్పన్ భవనం ఒక్కటే నిలువెల్లా తెలుపు. చెన్నై కార్పొరేషన్ కొలువుండేది అందులోనే.

కార్పొరేషన్ పుట్టింది 1688లో. ఈ భవనానికి 1909లో వైస్రాయ్ మింటో శంకుస్థాపన చేస్తే, 1913లో మరో వైస్రాయ్ హార్డింజ్ ప్రారంభించాడు. నమూనా గీసినవాడు హారిస్, కట్టించిన కాంట్రాక్టరు లోగనాథ ముదలియార్. మొత్తం ఖర్చు ఏడున్నర లక్షలు. స్థానిక స్వపరిపాలనకు 1882లో తీర్మానంతో దారి వేసిన అప్పటి వైస్రాయ్ రిప్పన్ పేరు దీనికి పెట్టారు.

చూసినవాళ్లంతా స్తంభాలనూ, 132 అడుగుల గడియార స్తంభాన్నీ మెచ్చుకుంటారు. నా దృష్టిలో దీని అసలు గొప్పతనం గోడల్లో ఉంది. అవి ఇటుకతో, సున్నంతో కట్టిన గోడలు. రాయినో గుల్లనో కాల్చి, నీళ్లలో నానబెట్టి, ఇసుక కలిపి గానుగలో మెత్తగా నూరితే వచ్చేదే మన డంగు సున్నం. ఇది సిమెంటులా గంటల్లో బిగుసుకోదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. గోడలో చేరిన చెమ్మను బయటికి పోనిస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇంతకంటే ఏం కావాలి? అలాంటి గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని, కొన్నాళ్లకు పూత పెచ్చులుగా ఊడిపోతుంది. అందుకే సున్నపు గోడకు సున్నంతోనే మరమ్మతు చెయ్యాలి.

పైకప్పును మోసేవి టేకు దంతెలు. ఇక కింది అంతస్తులో మొదట పరిచింది మన కడప బండలే! మద్రాసు మాదంటే మాదని తెలుగువాళ్లూ తమిళులూ వాదించుకోవడానికి ఎన్నో ఏళ్ల ముందే కడప నేల ఆ కొలువులో చోటు సంపాదించుకుంది. తర్వాత ఆ బండలు తీసేసి పాలరాయి వేశారు. అది మెరుగు అని నేను ఒప్పుకోలేను. నల్లటి నేలే ఆ తెల్లటి గోడలకు అందం.

ఈ కొలువుతో తెలుగు సంబంధం కడప బండలతోనే ఆగలేదు. తెలుగువాడైన పిట్టి త్యాగరాయ శెట్టి కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడే, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆయన విగ్రహం ఈ భవనం ముందే ఉంది.

మళ్లీ సున్నం దగ్గరికి వస్తే, మీ ఊళ్లోనూ డంగు సున్నంతో కట్టిన పాత ఇల్లో, మునిసిపల్ ఆఫీసో ఉండే ఉంటుంది. దాని మరమ్మతుకు సిమెంటు బస్తా తెప్పించే ముందు, సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీని పిలిచి ఒక్కసారి చూపించండి.